చేప లాక్కొచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో మా ఊరికి గడియారం లేదని కాదు. చర్చి గోడకి ఒకటి ఉండేది, నడిచేది కూడా. కాకపోతే దాన్ని చూసి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టేవారు కాదు. రాజోలు నుంచి వచ్చే బస్సు ఎప్పుడొస్తుందో దాన్ని నడిపేవాడికే తెలిసేది కాదు. కొబ్బరి దింపే మనిషి రేపు వస్తానంటే అది ఏ రేపో ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. మాటమీద నిలబడేవి నీళ్ళొక్కటే. సముద్రం పోటెత్తినప్పుడు మా ఊరి వెనక పాయ నిండేది, ఆటు వేళకి మళ్ళీ బురద తేలేది. పాయ వెంబడి సముద్రం వైపు దిగితే పర్ర. (పర్ర అంటే ఉప్పునేల. అక్కడ వరి పండదు, ఇల్లు నిలవదు, అందుకని దానిమీద తగాదాలు ఉండేవి కావు. ఇప్పుడున్నాయి.) ఆ పర్రలో ఉప్పునీటికి పెరిగే మడచెట్ల మధ్య మడుగులు ఉండేవి. పోటు నీటితోపాటు సముద్రపు చేపలు ఆ మడుగుల్లోకి షికారుకొచ్చి, ఆటుతో వెనక్కి పోయేవి. నేను బడికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదన్నది పెద్ద కథేమీ కాదు. మా ఇంట్లో ఒక గేదె ఉండేది, దాని వెంట ఎవరో ఒకరు ఉండాలి, ఆ ఒకరు నేను. గేదె పర్రగట్టున మేసేది. నేను నీళ్ళు చూస్తూ కూచునేదాన్ని. అలా చూసి చూసి, ఏ వేళకి ఏ మడుగు నిండుతుందో, ఏ మలుపులో సుడి తిరుగుతుందో నాకు కంఠతా వచ్చేసింది.

మా తాతయ్యకి (అమ్మకి నాన్న, మాతోనే ఉండేవాడు) ఒక తాటిదోనె ఉండేది. దోనె అనగానే పడవని ఊహించుకోకండి. తాటిచెట్టు మొదలు భాగాన్ని నరికి, లోపలి గుజ్జంతా తొలిచేస్తే మిగిలే బోలు దుంగ అది. ఒక్క మనిషి పడతాడు, ఆ మనిషి కూడా కాళ్ళు చాపుకుని, తుమ్ము వస్తే ఆపుకుని కూచోవాలి. వేరు వైపు ఉబ్బుగా, గుండ్రంగా ఉంటుంది, అది ముక్కు. రెండో కొస తెరిచే ఉంటుంది. దాన్ని బంకమట్టి ముద్దతో మూసి, ఆ ముద్దకి వీపు ఆనించి కూచునేవాళ్ళం. వీపు ఎంతసేపు ఆనితే అంతసేపు అది పడవ, వీపు తీస్తే నీళ్ళతొట్టి. తాతయ్య మోకాళ్ళు మొరాయించాక ఆ దోనె నాకొచ్చింది. వచ్చింది అంటే ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. పరికిణీ మోకాళ్ళ పైకి దోపుకుని, తెడ్డు పుచ్చుకుని, మడుగుల్లో తిరిగి చిన్నా చితకా చేపలు పట్టుకొచ్చేదాన్ని. కానీ పర్రకి రాజు పండుగప్ప. వెండిలాంటి పొలుసు, నిప్పుకణికల్లా ఎర్రగా మెరిసే కళ్ళు, పెద్ద నోరు, అంతకన్నా పెద్ద తెలివి. దాన్ని నేను అంతవరకు చూడటమే తప్ప పట్టలేదు. అది కూడా నన్ను చూసేది.

ఇక బాప్తిస్మం సంగతి. మా సంఘంలో ఏడాదికి ఒక్కసారే ఇచ్చేవారు, ఎండాకాలంలో, కోతలయ్యాక. పాయలో మామూలు రోజుల్లో అప్పుడు పిక్కల లోతు కూడా ఉండదు, పిక్కల లోతులో మనిషిని ముంచడం ఎవరికీ మర్యాద కాదు. అందుకని పౌర్ణమి దగ్గరి ఆదివారం చూసుకుని, పెద్దపోటు వచ్చి రేవులో నడుములోతు నీళ్ళు నిలిచినప్పుడు ఇచ్చేవారు. ఆ వేళ చూడటానికే సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన్ని అందరూ పోటుపెద్ద అనేవారు. ఆయన రేవు మెట్టు మీద కూచుని, నీళ్ళు ఫలానా మెట్టుకి అందగానే గంట కొట్టించేవారు. అప్పుడు పాస్టరుగారు (మేము అయ్యగారు అనేవాళ్ళం) తెల్లబట్టలతో నీళ్ళలోకి దిగి, వచ్చిన ఒక్కొక్కరినీ "నీ అంతట నువ్వే వచ్చేవా?" అని అడిగేవారు. వాళ్ళు అవునంటేనే ముంచేవారు. పోటు తగ్గిపోతే అంతే సంగతులు, మిగిలినవాళ్ళు మళ్ళీ ఏడాదికి.

ఆ ఏడు మా అమ్మ నా పేరు ఇచ్చేసింది. తెల్లచీర కొని, గంజిపెట్టి, దండెం మీద ఆరేసి, దాని పక్కనే నన్ను నిలబెట్టి చెప్పింది.

"ఇదిగో, అయ్యగారు 'నీ అంతట నువ్వే వచ్చేవా' అంటారు. 'ఆయ్, వచ్చేనండి' అనాలి. అంతే. దానికి ముందోటీ వెనకోటీ చేర్చకు."

"సరే. మరి దోనో?"

"దోనేంటి? బాప్తిస్మం పొందిన ఆడపిల్ల పరికిణీ ఎగ్గట్టి మడుగులెంట తిరిగితే సంఘం నవ్విపోదంటే? ఆదివారం నించీ నువ్వు పెద్దోళ్ళ వరసలో కూచుంటావు. దోనె సగానికి కోయించి గేదెకి కుడితి తొట్టి చేయిత్తాను."

గేదె అక్కడే ఉంది. ఆ సాయంత్రం నుంచి అది దోనె వంక చూసే చూపు మారిపోయిందని నాకు గట్టి అనుమానం.

నాకు దేవుడితో ఏ పేచీ లేదు. పేచీ అంతా తొట్టితోనే. వెళ్ళి తాతయ్య దగ్గర కూచుని ఏడిచాను. తాతయ్య చుట్ట ఆర్పకుండానే విన్నాడు.

"మీ అమ్మ మాటలకి లొంగే మడిసి కాదే అమ్మడూ. నా కూతురే కదా, నాకు తెల్దా. అది చేపకి లొంగుద్ది. ఒక పండుగప్పని పట్టుకొచ్చి గుమ్మంలో పడెయ్యి. అంత చేపని తెచ్చే దోన్ని గేదె ముందెట్టే ఆడది ఈ కోనసీమలో పుట్టలేదు."

"మరి బాప్తిస్మం?"

"అది దేవుడి పని. నేను చేపల వరకే చెప్పగలను."

దాంతో నేను ఒక ఉపాయం పన్నాను. చాలా గొప్పగా పన్నానని అనుకున్నాను కూడా. ఆదివారం కోడి కూతకే లేచి దోనెలో దిగువ మడుగుకి వెళ్ళిపోవాలి. పెద్దపోటుకి పండుగప్పలు ఎలాగూ మడుగులోకి వస్తాయి, ఒకదాన్ని పట్టాలి. పోటు తగ్గేదాకా మడచెట్ల చాటున కదలకుండా ఉండాలి. రేవులో నీళ్ళు పోతాయి, బాప్తిస్మాలు అయిపోతాయి, నేను చేపతో ఇల్లు చేరతాను, అమ్మ లొంగుతుంది. ఒక్క పోటుతో రెండు పనులు. చేపని తెచ్చే పోటూ రేవుని నింపే పోటూ ఒకటేనని నాకు తెలుసు. ఆ లెక్క మీదే కదా ఉపాయమంతా. కానీ ఆ ఒకే నీరు ఈ మడుగు దగ్గర బయలుదేరి ఆ రేవు దగ్గరికే పోతుందన్న ముక్క మాత్రం నాకు తట్టలేదు. ఊళ్ళో ఏ గేదెని అడిగినా చెప్పేది.

అనుకున్నట్టే వెళ్ళాను. ఒడ్డు వెంబడే తెడ్డు వేసుకుంటూ మడుగు చేరి, దోనెని మడకొమ్మకి కట్టి, గేలానికి బతికున్న రొయ్యని గుచ్చి వేశాను. నైలాను దారం అప్పుడప్పుడే మా వైపు వస్తోంది, తాతయ్య ఎవరినో బతిమాలి తెప్పించుకున్నాడు. ఆ దారాన్ని చేత్తోనే పట్టుకోవాలనీ, దోనెకి ఎప్పుడూ కట్టకూడదనీ తాతయ్య వందసార్లు చెప్పాడు. కానీ బంకమట్టి ముద్ద ఆ రోజు సరిగా ఆరలేదు, సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి. ఒక చేత్తో చిప్పతో నీళ్ళు తోడుతూ, రెండో చేత్తో దారం పట్టుకుని, వీపుతో ముద్దని నొక్కి ఉంచడం కష్టమయింది. తాతయ్య ఎలాగూ చూడటం లేదు కదా అని దారం కొసని దోనె ముక్కుకున్న కొయ్యమేకుకి చుట్టేశాను.

ఎండ మడచెట్ల పైకి వచ్చింది. పోటు నిండుగా నడుస్తోంది. ఎక్కడో దూరంగా గంట వినిపించింది. పోటుపెద్ద గారి మెట్టుకి నీళ్ళు అందాయన్నమాట. నేను తృప్తిగా ఒక నవ్వు నవ్వుకున్నాను. సరిగ్గా అప్పుడే దారం బిగుసుకుంది.

పండుగప్ప గేలం మింగితే ముందు పైకి ఎగురుతుంది. అది నీళ్ళు చీల్చుకుని లేచి, గాల్లో తల విదిలించి, ఎర్రటి కళ్ళతో నన్నొకసారి చూసి పడింది. నా తొడంత చేప. (ఇప్పటి తొడ కాదు, అప్పటిది.) తర్వాత అది మడుగు వదిలి పాయలోకి పరుగు తీసింది. దోనెని కట్టిన మడకొమ్మ పుటుక్కున విరిగింది. దోనె ముక్కు తిప్పుకుని చేప వెంట బయలుదేరింది, ఆ కొమ్మ కూడా మాతో వచ్చింది. చేపకి దారి తెలుసు, నీళ్ళకి బలం ఉంది, ఆ రెంటికీ నేను బరువు కాదు. తెడ్డు అడ్డం వేసి చూశాను, తెడ్డు పోయింది. లేచి దారం అందుకుందామంటే వీపు తియ్యాలి, వీపు తీస్తే ముద్ద పోతుంది. కాబట్టి రాణిగారిలా వెనక్కి ఆనుకుని, రెండు చేతులూ దోనె అంచుల మీద పెట్టుకుని, ఊరి వైపు ఊరేగాను.

రేవుకి ముందు ఒక మలుపుంది. అక్కడికొచ్చేసరికి పాట వినిపించింది. మా సంఘం పాటలో మగవాళ్ళు ఎప్పుడూ ఆడవాళ్ళకన్నా ఒక మాట వెనకుండేవారు, అందుకని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. అప్పుడు నాకు విషయమంతా అర్థమైంది. చేప ఆ మలుపులో కాస్త అలిసి దారం వదులు చేసింది. కాలు చాపితే బొటనవేలికి కొయ్యమేకు అందుతోంది. చుట్టు విప్పేస్తే చేప పోతుంది, నేను ఒడ్డు పట్టుకుని తప్పించుకుంటాను, దోనె తొట్టయిపోతుంది. విప్పకపోతే దోనె ఉంటుంది, కానీ సంఘమంతటి మధ్యకీ పోతాను. బొటనవేలు మేకు మీద పెట్టి ఆలోచించాను. గేదె కుడితి తాగుతున్న చప్పుడు చెవుల్లో వినిపించింది. కాలు వెనక్కి తీసేసుకున్నాను.

రేవులో ఆ క్షణాన అయ్యగారి చేతుల్లో ఉన్నది గరిటె పెద్దమ్మ. ఊళ్ళో ఏ విందు జరిగినా వంట ఆవిడదే, అందుకే ఆ పేరు. నీళ్ళంటే భయంతో ఏళ్ళ తరబడి వాయిదా వేసి, ఆ ఏడు ఎట్టకేలకు దిగింది. అయ్యగారు ఆవిడ ముక్కు మూసి, వీపు కింద చెయ్యి వేసి, వెనక్కి వంచి ముంచారు. పెద్దమ్మ నీళ్ళ కిందికి వెళ్ళడమూ, మలుపు తిరిగి నేను రావడమూ ఒక్కసారే జరిగాయి. పాట ఆగిపోయింది. మగవాళ్ళు మాత్రం అలవాటు ప్రకారం ఇంకో మాట పాడి ఆగారు. చేప అయ్యగారి కాళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది, దారం ఆయన మోకాళ్ళకి చుట్టుకుంది, ఆయన చేతులు గాల్లోకి లేచి వెల్లకిలా నీళ్ళలో పడ్డారు. పెద్దమ్మని లేపడానికి ఎవరూ లేకపోయారు. ఆవిడ తనంతట తనే లేచింది. లేచేసరికి ఎదురుగా, ముఖానికి ముఖం, పండుగప్ప.

ఆవిడ కేక పెడుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ కేక పెట్టలేదు. వంటమనిషి కదా. రెండు చేతులూ చాచి, చేపని మొప్పల దగ్గర దొరకబుచ్చుకుని, గుండెలకి అదుముకుని, కొత్తజీవితంలో మొదటి మాట పలికింది.

"ఓలమ్మో, గుడ్డుతో ఉందే!"

అయ్యగారు నీళ్ళు ఉమ్మి నిలబడ్డారు. ఎంత జరిగినా గొంతు పెంచని మనిషి ఆయన. నా దోనె ఆయన నడుముకి వచ్చి మెత్తగా ఆనింది.

"లే అమ్మా, లేచి నిలబడు."

"లేత్తే ములిగిపోద్దండి."

"ఎందుకు ములిగిపోద్ది?"

"మట్టిముద్దండి. నా వీపుతో ఆపేనండి."

ఆయన ఒంగి దోనె వెనక చూశారు. ఆ చూడటంలో ఆయన చెయ్యి అంచు మీద పడింది, ముద్ద ఊడిపోయింది. నేను కూచున్నదాన్ని కూచున్నట్టే నీళ్ళలోకి దిగిపోయాను. తల పైకెత్తేసరికి నడుములోతు నీళ్ళలో, అయ్యగారి ఎదురుగా, తడిసి ముద్దయి, సరిగ్గా నిలబడవలసిన చోటనే నిలబడి ఉన్నాను. ఒడ్డున అమ్మ, చేతిలో గంజిపెట్టిన తెల్లచీర. ఆవిడ ముఖంలో కోపం పోయి ఆశ మొలకెత్తడం నేను చూశాను.

"అయ్యగారూ! వచ్చేసింది కదండీ! కానిచ్చెయ్యండి!"

అయ్యగారు నావైపు తిరిగారు. అడగవలసిన ప్రశ్నే అడిగారు.

"నీ అంతట నువ్వే వచ్చేవా అమ్మా?"

అమ్మ ఒడ్డు మీంచి పెదవులు కదుపుతూ 'ఆయ్' అని అందిస్తోంది. దేవుడి ఎదుట, పెద్దల ఎదుట, నీళ్ళలో నిలబడి ఉన్నాను. నోటికొచ్చింది నిజమే.

"లేదండి. చేప లాక్కొచ్చిందండి."

ముందు పోటుపెద్ద నవ్వారు, అప్పటివరకు ఆయన నవ్వగా ఎవరూ చూడలేదట. తర్వాత రేవంతా నవ్వింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు, మోకాళ్ళకి చుట్టుకున్న దారాన్ని నిదానంగా విప్పుకున్నారు.

"అయితే ఈ ఏడు ఈ అమ్మాయికి లేదండి. ఎవరో లాక్కొత్తే వచ్చినోళ్ళకి నేను ఇవ్వకూడదు."

"నేను తోసేత్తానండి, ముంచెయ్యండి!" అంది అమ్మ.

"తోసినా అంతేనండి, చెల్లెమ్మగారూ."

చేప ఎవరిదన్న తగువు ఆ వెంటనే మొదలైంది. నాది అన్నాను. "నా చేతిలో ఉంటే నీదెలా అవుద్దే?" అంది గరిటె పెద్దమ్మ, దాన్ని చంటిపిల్లలా జోకొడుతూ. బాప్తిస్మాల తర్వాత సంఘమంతా కలిసి తినే విందులోకి ఆ చేప వెళ్ళిపోయింది. మామిడికాయ వేసి పులుసు పెట్టింది పెద్దమ్మ. గుమ్మంలో పడేయడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. దోనె రేవు అడుగున ఉంది, తొట్టి కావడానికి ఇక అడ్డేమీ లేదు. వరసలో నాకు వడ్డించేది అమ్మే. నా విస్తరి దగ్గర ఆగింది. తిడుతుందని తల దించుకున్నాను. గరిటెలోంచి అందరూ ఆశపడే తలకాయ పక్క ముక్క నా అన్నం మీద పడింది. తలెత్తేసరికి పక్కవాళ్ళకి వడ్డిస్తోంది.

మర్నాడు ఆటుకి రేవులో దోనె తేలింది. అమ్మే వెళ్ళి దాన్ని ఈడ్చుకొచ్చింది. రంపం కోసం వెళుతుందనుకున్నాను. పెరట్లోకి వెళ్ళి, చేతిలో బంకమట్టి ముద్దతో వచ్చింది. దాన్ని దోనె కొసకి కొట్టి, తడిచేత్తో నునుపు చేస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"ఆ మడుగులో ఇంకోటి ఉంటాదంటావా?"

అరుగు మీద తాతయ్య చుట్ట పొగలోంచి దగ్గాడు. ఆ దగ్గు నవ్వని అమ్మకీ తెలుసు. గేదె పాత కుండలోనే కుడితి తాగింది, చాలాకాలం నాతో ముభావంగా ఉంది.

మరుసటి ఏడు నేనే పేరు ఇచ్చుకున్నాను. తెల్లచీర కట్టుకుని, పెద్దపోటు మీద, దోనెలోనే రేవుకి వెళ్ళాను. అయ్యగారు ప్రశ్న అడిగేముందు నా వెనక నీళ్ళవైపు ఒకసారి చూసి, మోకాళ్ళు దగ్గరికి చేర్చుకున్నారు. "ఈసారి తెడ్డేసుకొచ్చేనండి" అన్నాను. ఆయన నవ్వింది అప్పుడు.

తర్వాత పెళ్ళయి పోటూ ఆటూ లేని ఊరికి వెళ్ళాను. కొన్నేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేశాను, అక్కడ నీళ్ళు కుళాయిలో వచ్చేవి. తిరిగొచ్చేసరికి పర్రంతా రొయ్యల చెరువులైంది. దోనె ఏమైందో ఎవరూ సరిగా చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

ఇదంతా ఇప్పుడు నా చేత్తో రాయగలుగుతున్నానంటే దానికి కారణం మా కోడలు. చర్చి హాల్లో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నారని తెలిసి, "ఈ వయసులో నాకెందుకమ్మా" అంటున్నా వినకుండా, నా చెయ్యి పట్టుకుని వీధి పొడుగునా నడిపించింది. గుమ్మం దగ్గర వెనకాడి ఆగబోతే ఇంకాస్త గట్టిగా లాగింది. లోపల పలకలు పంచుతున్న టీచరమ్మ నన్ను చూసి, లేచి, ఎంతో మర్యాదగా అడిగింది.

"రండి మామ్మగారూ. మీ అంతట మీరే వచ్చేరాండీ?"

కోడలు పక్కనుంచి 'ఆయ్' అనమని మోచేత్తో పొడుస్తోంది. పెద్దదాన్ని, ఆ మాట అని ఊరుకోవచ్చు. కానీ చల్లటి నీళ్ళు నడుముదాకా వచ్చినట్టనిపించింది.

"లేదమ్మా," అన్నాను. "చేప లాక్కొచ్చింది."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. మా కోడలు ఒక పలక అందుకుని నా చేతిలో పెట్టింది.